వయ్యారిభామను పూతకు ముందే పీకుదాం

తొలకరి పడగానే సింగరాయకొండ ప్రాంతంలో గట్ల మీద, రోడ్ల పక్కన వయ్యారిభామ లేస్తుంది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. దురదలు, ఉబ్బసం తెస్తుంది. 2000లో అనంతపురం జిల్లా వేరుశనగను దెబ్బతీసిన కాండంకుళ్లు వైరస్‌ను తామర పురుగులు మోసుకొచ్చింది దీని పుప్పొడితోనే. ఆ వైరస్ పత్తికీ సోకుతుంది.

గడ్డిమందు కొడితే ఖర్చు మనదే. గాలికి మిరప మీద పడితే నష్టమూ మనదే. నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు వేసుకుని, వేళ్లతో సహా పీకుదాం. పైపైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది. పూత రాని మొక్కలు కంపోస్టుకు పనికొస్తాయి. పీకిన చోట తంటెం గింజలు చల్లుదాం.

మన చేను ఒక్కటే బాగుచేస్తే చాలదు. రోడ్ల పక్కన, పోరంబోకుల్లో పీకే పనిని పంచాయతీలు ఉపాధి పనుల్లో చేర్చాలి, కూలీలకు తొడుగులు ఇవ్వాలి. సభ్యులంతా గ్రామసభలో ఈ మేరకు అర్జీ పెట్టాలని కోరుతున్నాం.