గ్యాస్ ఎక్కడికి పోయింది?

ఎండలు ముదరగానే 'కారు ఏసీ చల్లగా రావడం లేదు' అన్న మాట ఇంటింటా వినిపిస్తుంది. 'గ్యాస్ అయిపోయింది, నింపించాలి' అన్న సమాధానం కూడా సిద్ధంగానే ఉంటుంది. నింపిస్తారు. కొన్నాళ్లు హాయిగా ఉంటుంది. మరుసటి వేసవికి మళ్లీ అదే మాట, అదే ఖర్చు. పెట్రోలు లాగే ఏసీ గ్యాస్ కూడా వాడుతున్నకొద్దీ తరిగిపోతుందన్న భావనే దీనికి మూలం.

వాస్తవానికి ఆ గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాలలో అది నిరంతరం తిరుగుతూ ఉంటుంది. కంప్రెసర్ దానిని ఒత్తిడికి గురిచేస్తుంది. కారు ముందు భాగంలోని కండెన్సర్‌లో అది వేడిని వదిలి ద్రవమవుతుంది. డ్యాష్‌బోర్డు వెనుకనున్న కూలింగ్ కాయిల్‌లో మళ్లీ ఆవిరవుతూ లోపలి గాలిలోని వేడిని గ్రహిస్తుంది. రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తరగడం సహజమే. కానీ ఏటా నింపవలసి వస్తోందంటే, ఎక్కడో లీకు ఉన్నట్లే. కాబట్టి 'గ్యాస్ ఎంతకు నింపుతారు?' అని అడగడానికి ముందు 'ఉన్న గ్యాస్ ఎక్కడికి పోయింది?' అని అడగాలి.

అయితే చల్లదనం తగ్గిన ప్రతిసారీ లీకే కారణమని నిర్ణయించుకోనక్కరలేదు. క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, కండెన్సర్ ఫ్యాన్ తిరగకపోయినా ఇలాగే జరుగుతుంది. ముందు వాటిని చూపించాలి. ఏసీ నడుస్తున్నప్పుడు కారు కింద నీటిచుక్కలు పడటం చూసి కొందరు కంగారుపడతారు. అది గాలిలోని తేమ కాయిల్‌పై చేరి కారిన నీరు మాత్రమే. అసలు లీకయ్యే గ్యాస్ కంటికి కనిపించదు.

కనిపించకపోయినా అది గుర్తు వదిలిపోతుంది. కంప్రెసర్‌కు కావలసిన నూనె గ్యాస్‌తో పాటే ప్రయాణిస్తుంది. గ్యాస్ బయటపడిన చోట ఆ నూనె జిడ్డుగా పేరుకొని, దానిపై దుమ్ము అంటుకొని ఉంటుంది. గొట్టాల అతుకుల వద్ద ఉండే రబ్బరు ఓ-రింగులు, కంప్రెసర్ సీలు, రాళ్లు తగిలే కండెన్సర్, గ్యాస్ నింపే వాల్వు తరచుగా లీకయ్యే చోట్లు. కూలింగ్ కాయిల్‌లో లీకు ఉంటే కనుగొనడం కష్టం, బాగుచేయించడం ఖరీదు. దానిని చేరుకోవడానికి చాలా కార్లలో డ్యాష్‌బోర్డు విప్పవలసి ఉంటుంది.

శ్రద్ధగల మెకానిక్ గొట్టాలలోకి నైట్రోజన్ పంపి, ఒత్తిడి నిలుస్తోందా లేదా అని చూస్తాడు. అతుకులపై సబ్బు నీళ్లు రాసి బుడగలు గమనిస్తాడు. మరీ సన్నని లీకైతే మెరిసే రంగును నూనెలో కలిపి అతినీలలోహిత దీపంతో వెతుకుతాడు. లీకైన ఓ-రింగును మార్చడం స్వల్ప ఖర్చుతో అయ్యే పని. లీకును పూడ్చుతుందంటూ లోపల పోసే జిగురు మందులు మాత్రం వద్దు. అవి సన్నని మార్గాలను మూసివేసి, చిన్న మరమ్మతును పెద్దది చేయగలవు.

లీకు సరిచేశాక మరో రెండు పనులు తప్పనిసరి. మొదటిది, వాక్యూమ్ పంపుతో కనీసం అరగంట పాటు లోపలి గాలిని, తేమను లాగివేయాలి. తేమ మిగిలితే లోపల గడ్డకట్టి దారిని అడ్డుకుంటుంది, లోహాన్ని తినివేస్తుంది. రెండవది, గ్యాస్‌ను తూకం వేసి నింపాలి. ఎన్ని గ్రాములు పట్టాలో చాలా కార్లలో బానెట్ కింద చీటీ మీద రాసి ఉంటుంది. మీటరు చూసి అంచనాతో నింపితే లెక్క తప్పుతుంది. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, తక్కువైతే నూనె అందక కంప్రెసర్ దెబ్బతింటుంది. చీటీపై ఏ రకం గ్యాస్ అని ఉంటే అదే నింపించాలి. చౌకగా దొరుకుతుందని మండే స్వభావం గల వంటగ్యాస్ వంటివి నింపించడం కుటుంబాన్ని ప్రమాదంలోకి నెట్టడమే.

ఇంటి వద్ద మన చేతులతో ఈ పని చేయబూనడం కూడా మంచిది కాదు. మన కార్లలో విరివిగా వాడే ఆర్-134ఎ గ్యాస్ సున్నాకు 26 డిగ్రీలు దిగువనే మరుగుతుంది. చర్మంపై పడితే గడ్డకట్టి గాయమవుతుంది, కంటిలో పడితే చూపుకే ముప్పు. నిప్పు తగిలితే విషవాయువులుగా మారుతుంది.

ఈ లీకు మన జేబుకు మాత్రమే చిల్లు కాదు. ఆర్-134ఎ ఓజోన్ పొరకు హాని చేయదు గాని, వందేళ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 1,430 రెట్లు అధికంగా భూమిని వేడెక్కిస్తుంది. అంటే ఒక చిన్న కారులో పట్టే 400 గ్రాములు బయటపడితే, సుమారు 570 కిలోల బొగ్గుపులుసు వాయువును వదిలినట్లే. ఇటువంటి వాయువుల వాడకాన్ని క్రమంగా తగ్గించేందుకు 2016లో కిగాలీలో దేశాలు అంగీకారానికి వచ్చాయి. మన దేశం 2021లో దానిని ఆమోదించింది. మరమ్మతుకు ముందు మిగిలిన గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా యంత్రంతో తిరిగి సేకరించే దుకాణాన్ని ఎంచుకోవడం మన చేతిలో ఉన్న పని.

రామగుండం, రెంటచింతల వంటి చోట్ల మే నెల ఎండలో వృద్ధులతో, పసిపిల్లలతో ప్రయాణించే కుటుంబానికి, కారే జీవనాధారమైన డ్రైవరుకు ఏసీ విలాసం కాదు. అందుకే ఎండలు ముదరకముందే వాహనాన్ని చూపించండి. లీకు ఎక్కడ దొరికింది, ఏ భాగం మార్చారు, వాక్యూమ్ ఎంతసేపు చేశారు, ఎన్ని గ్రాములు నింపారు అన్న నాలుగు విషయాలు బిల్లుపై రాయించుకోండి. వాటికి సమాధానం చెప్పగలిగిన మెకానిక్ కాస్త ఎక్కువ తీసుకున్నా, ఏటేటా కట్టే సొమ్ముతో పోలిస్తే అది మనకు లాభమే.