చిత్రం స్పష్టమే, చోటు సరియైనదేనా?

ఢిల్లీకి దక్షిణాన ఉన్న ఫరీదాబాదుకు పడమటి హద్దు ఆరావళి కొండలు. అక్కడ అడవి ఎక్కడ ముగిసినదో, ఊరు ఎక్కడ మొదలైనదో తేల్చడం సామాన్యమైన పని కాదు. 1900 నాటి పంజాబు భూసంరక్షణ చట్టం నాలుగవ సెక్షను క్రింద ప్రత్యేక ఉత్తర్వులు వెలువడిన భూములు అడవులేనని 2022 జులై 21న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. గ్రామ రికార్డులలో భూమికి గుర్తు ఖస్రా నెంబరు, అంటే మన సర్వే నెంబరు వంటిది. ఉపగ్రహ చిత్రంలో ఇంటికప్పులు కనిపిస్తాయి గాని ఖస్రా నెంబర్లు కనిపించవు. పటాన్ని చిత్రంపై పరచినపుడు గీత పది మీటర్లు జరిగినచో ఒక ఇల్లు అడవిలో పడుతుంది, లేదా అడవి నుండి బయటపడుతుంది.

స్పష్టంగా ఉన్న చిత్రం సరియైన చోటనే ఉంటుందని చాలామంది నమ్మకం. ఆ రెండు గుణాలూ వేరు. 2005 మే 5న శ్రీహరికోట నుండి బయలుదేరిన కార్టోశాట్-1నే తీసుకొందాం. అది 618 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ రెండున్నర మీటర్ల వివరాలతో భూమిని చిత్రించినది. అంత ఎత్తున కెమెరా చూపు డిగ్రీలో 3,600వ వంతు తప్పితే నేలపై మూడు మీటర్లు తేడా వస్తుంది. గడియారం సెకనులో వెయ్యవ వంతు తప్పితే సుమారు ఏడు మీటర్లు. కొండల వద్ద చిక్కు మరింత పెద్దది. ముందుకు 26 డిగ్రీలు వంగి చూసే కెమెరాకు నూరు మీటర్ల ఎత్తైన శిఖరం తన చోటు నుండి దాదాపు 50 మీటర్లు జరిగినట్లు కనిపిస్తుంది!

అయితే ఈ దోషమే ఔషధం కూడా అయినది. ఆ ఉపగ్రహంలో వెనుకకు చూసే రెండవ కెమెరా ఉండేది. రెండు కన్నులతో మనం దూరాన్ని గ్రహించినట్లు, రెండు చిత్రాల తేడాను బట్టి హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం నేల ఎత్తుపల్లాలను లెక్కగట్టినది. ఆ లెక్కతో కొండలను తిరిగి స్వస్థానాలకు చేర్చవచ్చు.

మిగిలిన తప్పును నేలపైనే దిద్దాలి. రోడ్ల కూడలి, ప్రహరీగోడ మూల వంటి స్పష్టమైన గుర్తులను ఎంచుకొని, వాటి అక్షాంశ రేఖాంశాలను పరికరంతో కొలిచి చిత్రాన్ని వాటికి బిగిస్తారు. ఫరీదాబాదు వంటి చోట చిక్కు ఇక్కడే. సెక్టార్లలో కూడళ్లకు కొదువ లేదు. తగవు ఉన్న తుమ్మపొదల కొండవైపు అటువంటి గుర్తులు అరుదు. గుర్తులన్నీ నగరంవైపే తీసుకొంటే చిత్రం అక్కడ చక్కగా కుదురుతుంది, కొండవైపు నమ్మరానిదవుతుంది. అందుచేత కొన్ని బిందువులను దిద్దుబాటుకు వాడక, పరీక్షకై విడిగా ఉంచడం నియమం. వాటివద్ద తేలిన తేడాయే అసలైన లెక్క. న్యాయస్థానంలో చిత్రాన్ని చూపే ప్రతివారూ ఆ అంకెను కూడా చూపితే బాగుండును.

ఇక పాత గ్రామపటాలు. గొలుసుతో కొలిచి గుడ్డపైన, కాగితంపైన గీసిన ఆ పటాలలో చాలావాటికి అక్షాంశ రేఖాంశాలే లేవు. గుడ్డ సాగుతుంది కూడా. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసేచోట పాతిన రాయి దొరికితే, దానిని ఆధారంగా పటాన్ని చిత్రానికి జతపరచవచ్చు. రాయే పోయినచో ఉపగ్రహం చేయగలిగినది స్వల్పం.

2019లో హర్యానా ప్రభుత్వం సర్వే ఆఫ్ ఇండియాతో ఒప్పందం చేసుకొని డ్రోన్లతో పెద్ద స్కేలు పటాలకు పూనుకొన్నది. మరుసటి ఏడాది మొదలైన స్వామిత్వ పథకంలోనూ, డ్రోను ఎగురక ముందే గ్రామస్థుల సమక్షంలో స్థలాల హద్దుల వెంట సున్నంతో గీతలు గీస్తారు. పైనుండి తీసిన చిత్రంలో హద్దులుగా కనిపించేవి ఆ తెల్లని గీతలే.