కుర్చీ దిగకముందే కొస పన్ను చూడండి

డాక్టర్లు పంపే స్కాన్ ఫైళ్లతో నైట్‌గార్డులు, గురక తగ్గించే పరికరాలు చేసే డెంటల్ టెక్నీషియన్ని నేను. డిజిటల్ కొలత అంటే ఇక తేడా రాదన్న మాట క్లినిక్‌ల బయట చదివినప్పుడల్లా మనసుకు కష్టమేస్తుంది.

మొన్న తెరిచిన ఫైల్లో ముందు పళ్లు సన్నని గీతలతో సహా కనబడ్డాయి. కింద కుడివైపు కొస దవడ పన్ను వెనక మాత్రం కరిగిన మైనంలా జారిపోయి ఉంది. పన్నుకు అంత నునుపు ఉండదు. అక్కడిదాకా కెమెరా వెళ్లలేదు, ఆ ఖాళీని సాఫ్ట్‌వేర్ తనకు తోచినట్టు పూడ్చేసింది. దాని మీద గార్డు చేస్తే ఒక పక్కే ఆనుతుంది. రాత్రంతా పళ్లు కొరికే మనిషికి దవడ నొప్పి తగ్గకపోగా పెరగొచ్చు.

1985లో జ్యూరిక్‌లో దంతవైద్యుడు వెర్నర్ మోర్మన్ నోట్లోనే స్కాన్ చేసి పింగాణీ ముక్క అమర్చింది ఒక్క పంటికి. పళ్ల వరసంతా తీయడం వేరే సంగతి. స్కానర్ చిన్న చిన్న బొమ్మలు తీసి ఒకదానికొకటి అతుక్కుంటూ పోతుంది. మొదట్లో వెంట్రుకవాసి తప్పితే అవతలి కొసకు చేరేసరికి అది పెరుగుతుంది. అందుకే నమిలే వైపు, నాలుక వైపు, బుగ్గ వైపు అంటూ కంపెనీ చెప్పిన వరస తప్పకూడదు. ఉమ్మి మెరిస్తే కెమెరా మోసపోతుంది కాబట్టి గాలి కొట్టి ఆరబెట్టాలి. రద్దీలో ముందు ఎగిరిపోయేది ఈ ఆరబెట్టడమే.

గురక పరికరానికైతే కింది దవడను ముందుకు జరిపించి, ఆ స్థితిలోనే కాటు స్కాన్ చేయాలి. మామూలు కాటు పంపి 'మీరే సర్దండి' అంటే మేమెలా సర్దుతాం? ఎన్ని మిల్లీమీటర్లు జరపాలన్నది రోగిని చూసిన డాక్టరు తేల్చాల్సిన లెక్క.

రోగి కుర్చీలో ఉండగానే స్క్రీన్ మీద బొమ్మను నాలుగు వైపులా తిప్పి చూస్తే, ఖాళీ ఉన్న చోటు మళ్లీ తీయడం కాసేపటి పని. ఆయన ఊరెళ్లిపోయాక అదే పనికి ఏ తిరువూరు నుంచో బస్సెక్కి రావాలి, ఆ రోజు కూలి పోతుంది. మీరూ అడగండి, 'కొస పన్ను వెనక చూపించండి డాక్టరుగారూ' అని. ల్యాబ్ తిప్పి పంపిన స్కాన్‌ను క్లినిక్‌లు ఉచితంగా మళ్లీ తీయాలి, ఆ మాట బిల్లు మీదే రాసివ్వాలి.