రివర్సు వేయగానే బీప్ ఆగకపోతే

కొత్త కారు. వెనుక ఏమీ లేదు. అయినా రివర్సు వేయగానే బీప్ ఆగదు. సెన్సార్ పోయిందని వెంటనే వేల రాండ్లు ఖర్చు పెట్టకండి.

బంపరు మీద (దీనికి గుడి తరగతిలో తెలుగు మాట ఎవరూ చెప్పలేదు!) బొత్తాల వలె కనబడేవే సెన్సార్లు. అవి మన చెవికి అందని ధ్వనిని పంపి, ప్రతిధ్వని రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం లెక్క కడతాయి. వాటి మీద బురద, ఇసుక, నీటి బొట్లు ఉంటే లెక్క తప్పుతుంది. డర్బన్ సముద్రపు ఒడ్డున బండి ఆపేవారు ముందు మెత్తని తడి గుడ్డతో తుడిచి చూడండి. తరువాత బిగించిన టోబార్ ఉంటే, దానినే గోడ అనుకోవచ్చు.

అప్పటికీ ఆగకపోతే, ఇంజను నడపకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి రివర్సులో పెట్టండి. ఒకరు బ్రేకు తొక్కి ఉండాలి. మరొకరు పక్కన నిలబడి ఒక్కొక్క సెన్సార్ మీద వేలు ఆనించాలి. పని చేసేది సన్నగా టిక్‌టిక్ మంటుంది. మౌనంగా ఉన్నదాని మీదే అనుమానం.

సెన్సార్లు బాగున్నా సన్నని కడ్డీలను, మెత్తని బట్టలు వేసుకున్న పిల్లలను గుర్తించకపోవచ్చు. మన డ్రైవ్‌వేలలో మనుమలు ఆడుతూ ఉంటారు. దిగి చూడండి.

గరాజులో కొత్త సెన్సార్ వేయకముందే వైరు, కనెక్టర్ చూడమనండి. అక్కడ నీరు చేరి ఉండవచ్చు. ప్రమాదం తరువాత మళ్ళీ పెయింటు వేయించారా? మందపాటి పెయింటు కూడా ధ్వనిని అణచివేస్తుంది. వారంటీ ఉంటే బంపరు మీరే విప్పకండి.