చలికాలంలో చేపల కుంటకు పేడ ఎందుకండీ?

మన ప్రకృతి వ్యవసాయంలో పేడ అంటే బంగారమే. అలాగని చేపల కుంటలో చలికాలం కూడా తట్టలకొద్దీ పేడ వేస్తామంటే మాత్రం నేను ఒప్పుకోను.

చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. నీళ్లు 20 డిగ్రీల కిందికి దిగితే బొచ్చె, రోహు, మోసు మేత బాగా తగ్గించేస్తాయి. తినకుండా మిగిలిన తవుడు, చెక్క అడుగున కుళ్లుతాయి. దానికి పేడ తోడైతే ఆ కుళ్లు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. మబ్బో, మంచో కమ్మి ఎండ రాకపోతే నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ సరిగా ఇవ్వలేదు. అందుకే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఒంటిమీద ఎర్రటి పుండ్లు పడే జబ్బూ ఈ కాలంలోనే ఎక్కువ.

డిసెంబర్, జనవరి నెలల్లో పేడ ఆపేయండి, లేదా బాగా తగ్గించండి. మేత ఎండెక్కాక, తిన్నంతే వేయండి. కుంటలో ఐదారు అడుగుల నీళ్లు ఉంచండి, లోతు నీళ్లు త్వరగా చల్లబడవు. తెల్లారేసరికి ఒకసారి గట్టు మీదికెళ్లి చూసుకోండి.

"పేడ మన కొట్టంలోదే కదా, ఖర్చేముంది?" అంటారు కొందరు. ఖర్చు పేడలో కనపడదండీ, వల లాగిన రోజు కనపడుతుంది.