వాయించే చేతికీ చోటుండాలి

'హృదయం సరిగా ఉంటే చాలు, వాయిద్యం ఎలా మోగితేనేం?' ఆరాధన సంగీతం మాట వచ్చినప్పుడల్లా మన సంఘాల్లో వినబడే మాట ఇది. భక్తిగానే ఉంటుంది గాని బైబిలు అలా చెప్పదు. సౌలు రాజు దురాత్మ వల్ల వేదనపడినప్పుడు సేవకులు వెదికింది సితారా బాగా వాయించగలవాణ్ణి. దావీదును గూర్చి చెప్పిన పనివాడు మొదట ఎత్తింది అతని వాద్య నైపుణ్యమే. శూరుడు, యుద్ధశాలి అన్నవి తర్వాతి మాటలు (1 సమూయేలు 16:18). దావీదు కాలంలో యెహోవాకు గానం చేయడంలో నేర్పరులుగా లెక్కకు వచ్చినవారు 288 మంది. గురువూ శిష్యుడూ అనే భేదం లేకుండా వారికి వంతులు వేశారు (1 దినవృత్తాంతములు 25:7,8). అంటే అక్కడ నేర్పేవారున్నారు, నేర్చుకునేవారూ ఉన్నారు.

మా మక్తల్ ఉన్న నారాయణపేట జిల్లాలోనే దామరగిద్ద ఉంది. ఆ ఊరి దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ ప్రకటించారు. వెదురు, సొరకాయ బుర్ర, తీగలతో చేసిన బుర్రవీణ ఆయనది. ఆయన పాడేవి మన విశ్వాసపు పాటలు కావు, నిజమే. అయినా తరాలు దాటి వచ్చిన ఆ చేతి విద్యను చూస్తే మాకు సిగ్గేసింది. ఎందుకంటే మా దగ్గరున్నదాన్ని మేమే పోగొట్టుకున్నాం.

కొన్నేళ్ల క్రితం మా సంఘానికి కీబోర్డు వచ్చింది. బటన్ నొక్కితే తాళం దానంతటదే నడుస్తుంది. అంతవరకు డప్పు వాయించిన పెద్దాయనను వెనుక వరుసలో కూర్చోమన్నాం. చావులకు మోగేది మందిరంలో బాగుండదన్నాం. అసలు సంగతి అది కాదు. డప్పు కనబడితే మన కులం కనబడుతుందని నామోషీ. కుడిచేత సిర్ర, ఎడమచేత చిటికెన పుల్ల పట్టుకుని ఆయన సంఘాన్ని చూస్తూ వాయించేవాడు. ముసలివాళ్లు పాటలో వెనుకబడితే దెబ్బ నెమ్మదించేది, వాళ్లకు ఊపిరి అందేది. బటన్ తాళం ఎవరికోసమూ ఆగదు. కీబోర్డు తప్పని కాదు, శ్రద్ధగా నేర్చుకుంటే అదీ విద్యే. నేర్చుకోకుండా నొక్కడమే మా బాధ.

నైపుణ్యమే ఆరాధన అనడం లేదు. న్యాయం లేనిచోట స్వరమండలాల నాదం విననన్నాడు దేవుడు (ఆమోసు 5:23,24). ఆ మాట ముందు మాకే తగిలింది.

మొన్న క్రిస్మస్ పాటల సాధనకు ముందు ఆయన ఇంటికి వెళ్లి, మా కుర్రవాళ్లకు నేర్పమని అడిగాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గోడకున్న డప్పు దించి, వేలితో తట్టి చూసి, "చలికి మెత్తబడ్డది అయ్యగారూ, ముందుగాల మంట పెట్టించుండ్రి" అన్నాడు.