నిర్జనారణ్యంలో కాలిబాట ఎవరిది?

"సావనీరుకి ఏదన్నా రాయండి సార్, మీ కెనడా ప్రయాణం గురించైనా సరే" అని సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. ప్రయాణ వర్ణనలు నాకు చేతకావు. అయితే ఆ ప్రయాణంలో ఒక మాట గురించి నా అభిప్రాయం మారింది. ఆ మాట 'నిర్జనారణ్యం'. దాన్ని గురించే రాస్తాను. పూర్వ విద్యార్థి చాదస్తమని కొట్టిపారెయ్యకుండా చదవమని మిత్రులకి మనవి.

టొరాంటోకి ఉత్తరంగా సుమారు 450 కిలోమీటర్లు పోతే టెమగామి అనే చిన్న వూరు వస్తుంది. పక్కనున్న సరస్సు పేరూ అదే. ఆ ఒక్క సరస్సులోనే 1200కి పైగా దీవులున్నాయి. చుట్టూ ఇంకా ఎన్నో సరస్సులు, వాటిని కలిపే ఏళ్ళు, మధ్యలో పైన్ అడవి. అక్కడ తిరగటానికి అనువైన వాహనం కెనూ. మన దోనెలాగా సన్నగా, కాని తేలిగ్గా వుంటుంది. ముందొకరు, వెనకొకరు కూచుని తెడ్డు వెయ్యాలి. సరస్సు అయిపోయిన చోట, ఏటిలో బండరాళ్ళు అడ్డొచ్చిన చోట దిగి, పడవని బోర్లించి భుజాలకెత్తుకుని తర్వాతి నీళ్ళదాకా నడవాలి. పడవ మధ్యలో భుజాలకి ఆనించుకునే అడ్డచెక్కని వాళ్ళ భాషలో కూడా 'కాడి' అనే అంటారు. ఆ కాడి కింద మెడ పెట్టినప్పుడు మన ఎద్దుల కష్టం ఏమిటో నాకు మొదటిసారి తెలిసింది.

మిత్రులతో కలిసి వారం రోజులు అలా తిరిగాను. ఒబబికా సరస్సు వొడ్డున మూడువందల ఏళ్ళ నాటి పైన్ చెట్లున్నాయి. ఇద్దరం చేతులు కలిపితేగాని చుట్టూ అందలేదు. మొదటి రెండు రోజులూ "మనిషి అడుగు పెట్టని చోటు!" అని ఒకటికి పదిసార్లు మురిసిపోయాను. మూడోనాడు పడవ మోస్తూ నడుస్తున్నాను. బోర్లించిన పడవ కింద తల పెట్టినవాడికి తన కాళ్ళూ, కాళ్ళకింది బాటా తప్ప వేరే ఏమీ కనిపించవు. అప్పుడు తట్టింది: ఈ బాట ఎవరు వేశారు? సన్నటి దారి. చెట్లవేళ్ళు అరిగి నునుపుదేరాయి. బురదని తప్పించుకుని, నిటారు గుట్టని చుట్టి వచ్చి, సరిగ్గా పడవ దింపటానికి వీలైన చోటే నీళ్ళని కలుస్తోంది. మనిషి అడుగు పెట్టకుండానే యింత తెలివైన బాట పడుతుందా?

ఈ దారులకి 'నస్తావ్‌గన్' అని పేరు. టెమె-ఆగామా అనిష్నాబే అనే ఆదివాసీ జాతి తరతరాలుగా నడిచిన దారులివి. వేసవిలో పడవ మోసేవి కొన్ని, చలికాలంలో మంచు మీద నడిచేవి కొన్ని. క్రెయిగ్ మెక్‌డొనాల్డ్ అనే ఆయన ఆ జాతి పెద్దల దగ్గర కూచుని, వాళ్ళు చెప్పిన దారులూ పేర్లూ ఎక్కించి తయారుచేసిన పటం 1985లో అచ్చయింది. సుమారు పదివేల చదరపు కిలోమీటర్ల ఆ ప్రాంతాన్ని వాళ్ళు 'న్‌డాకి మెనాన్' అంటారు. 'మా నేల' అని అర్థం. కెనూ కూడా అటువంటి జాతులు కనిపెట్టిందే. భూర్జ వృక్షం బెరడుని స్ప్రూస్ వేళ్ళతో కుట్టి, అతుకులకి బంక పూసి చేసేవారు. మేం వేసిన పడవ ఆకారం వాళ్ళది, నడిచిన బాట వాళ్ళది. 'నిర్జనం' అనే మాట మాత్రం మాది.

మాటదేముందిలే అనుకోవచ్చు. కాని 'యిక్కడెవరూ లేరు' అని ఒకసారి ఒప్పుకున్నాక, ఆ నేలని ఏం చెయ్యాలో ఎవర్నీ అడగక్కర్లేదు గదా! 1850లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ ప్రాంతపు జాతులతో ఒడంబడిక చేసుకుంది. అందులో మా సంతకం లేదని టెమె-ఆగామా వాళ్ళ వాదన. 1970ల మొదట్లో వాళ్ళు పవిత్రంగా చూసుకునే మేపుల్ పర్వతం మీద స్కీయింగ్ విలాసకేంద్రం కట్టాలని ఒంటారియో ప్రభుత్వం తలపెట్టింది. వాళ్ళ నాయకుడు గ్యారీ పాట్స్ 1973లో 110 టౌన్‌షిప్పుల భూమి మీద హక్కు దాఖలు చేసి, ఆ పథకాన్ని నిలవరించాడు. తర్వాత కలప కోసం అడవిలోకి రోడ్డు వెయ్యబోతే 1988లో ఆ జాతివాళ్ళే అడ్డంగా మకాం వేశారు. 1989లో పర్యావరణవాదులు, మళ్ళీ ఆ జాతివాళ్ళు దిగ్బంధం చేశారు. వందలమంది అరెస్టయ్యారు. వాళ్ళలో అప్పటి ప్రతిపక్ష నాయకుడు బాబ్ రే కూడా వున్నాడు. మరుసటి ఏడాది ఆయనే ఆ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యాడు. 1991లో సుప్రీంకోర్టు విచిత్రమైన తీర్పు చెప్పింది. మీ భూమి హక్కు పోయింది, అయితే మీకిచ్చిన మాట ప్రభుత్వం నిలబెట్టుకోలేదు, అంది. రెండో సగం వింటే మొదటి సగం ఎంత అన్యాయమో లా క్లాసుకి వెళ్ళని నాబోటి వాడికైనా అర్థమవుతుంది.

అవతలి పక్షాన్నీ చెప్పాలి. కలప మీద బతికే కూలీలకి ఆ పోరాటం కడుపు మీద దెబ్బలాగే కనిపించింది. సెలవులకి వచ్చి తెడ్డు వేసుకుపోయే పట్నంవాడి సరదాకోసం మా పని పోవాలా అని వాళ్ళు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. అందుకే నేననేది, 'ముట్టుకోకండి, అద్దాల బీరువాలో పెట్టండి' అనే పర్యావరణవాదం కూడా చాలదని. నరికేవాడూ, చూసి ఆనందించేవాడూ యిద్దరూ ఆ నేలని ఖాళీదిగానే లెక్కవేస్తే అక్కడివాడికి ఒరిగేదేముంది? ఆ జాతి అడిగింది పార్కు కాదు, తమ నేల మీద నిర్ణయంలో చోటు.

నిజానికి మనకిది కొత్తగా తెలియాల్సిన సంగతి కాదు. మన కథల్లో అడవి ఎన్నడూ నిర్జనం కాదు. వనవాసానికి బయల్దేరిన రాముణ్ణి గంగ దాటించటానికి గుహుడు వున్నాడు. అయినా మేం చదువుకునే రోజుల్లో లాంచీలో పాపికొండలు చూడబోయినప్పుడు ఏం చేశాం? వొడ్డున కొండరెడ్ల గుడిసెలు కనిపిస్తే 'ఎంత బావుందో' అనుకుని ఫోటోలు తీసుకున్నాం. ఆ వూరి పేరేమిటని ఒక్కరం అడగలేదు. 2008లో ఆ కొండలు జాతీయ వనమయ్యాయి. పోలవరం ప్రాజెక్టు కోసం ఆ వొడ్డున ఎన్నో వూళ్ళు ఖాళీ చెయ్యవలసి వచ్చింది. ఆ వార్తలు చదువుతూ, వాటిలో నేను చూసిన వూరు వుందో లేదో వెతకబోతే, పేరు తెలియక వెతకలేకపోయాను. కెనడా దాకా పోయి పడవ మోస్తేగాని నాకు ఆ సిగ్గు కలగలేదు.

విద్యార్థి మిత్రులారా! అడవులకి వెళ్ళవద్దని నేననను. తప్పకుండా వెళ్ళండి. మీలో కొందరు పైచదువులకి కెనడాయే పోవచ్చు. వీలైతే ఒక్కసారి కెనూ ఎక్కండి. భుజాల మీద మోయగలిగినంతే వెంట తీసుకుపోవటం ఎంత మంచి చదువో అక్కడ తెలుస్తుంది. కాని తెడ్డు వెయ్యబోయే ముందు ఆ నేల ఎవరిదో, ఆ సరస్సుని వాళ్ళేమని పిలుస్తారో అడగండి. మన కొండలకి వెళ్ళినా అంతే. భూగోళం, చరిత్ర, న్యాయశాస్త్రం చెప్పే మన అధ్యాపకులు ఏటా జరిగే విహారయాత్రకి ముందు ఈ ఒక్క ప్రశ్న పిల్లల చేతికిచ్చి పంపితే ఎంత బావుంటుంది! ఫోటోలు ఎలాగూ తీసుకుంటారు. ఈసారి వాటి వెనక వూరి పేరు కూడా రాసి తీసుకురండి.